నాలుగు వైపుల గంటలు

కంప్యూటర్లలో రెండువేల సంవత్సరం గొడవ ఏ ప్రమాదమూ లేకుండా దాటిపోయిన ఏడాది, జూన్ నెలలో, నన్ను మొదటిసారి ఒక బయటి కార్యక్రమానికి ఇన్‌చార్జ్‌గా వేశారు. అప్పటికి సింగపూర్‌లోని ఒక చైనా సంగీత బృందానికి చెందిన వాద్యాల స్టోర్‌లో పదకొండేళ్లుగా అటెండెంట్‌ని. మా స్టోర్‌లో హోదాలు నాలుగు. అటెండెంట్, సీనియర్ అటెండెంట్, అసిస్టెంట్ స్టోర్‌కీపర్, అందరి మీద సూపరింటెండెంట్. ఏ వాద్యం గేటు దాటాలన్నా తరలింపు ఫారం మీద సీనియర్ అటెండెంట్ సంతకం ఉండాలి. మా సీనియర్ రహీమ్ హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నాడు. ఆ వారానికి ఆ సంతకం నాది అయింది.

తెలుగావిడకి చైనా గంటలతో ఏం పని అని చాలామంది అడుగుతారు. మా ముత్తాతలు విశాఖ జిల్లా నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చారు. మా నాన్న ఓడరేవులో మోత పని చేశాడు. నేను ఆ బృందం హాల్లో ఊడ్చే పనికి చేరాను. స్టోర్‌లో రాతి పలకల వాద్యం ఒకటి ఉంటుంది. వంగిన మోచేతిలా ఉండే పలకలు, చట్రానికి పట్టు తాళ్లతో వేలాడతాయి. దుమ్ము దులపడానికి ఒకరోజు వాటిని దింపి, మళ్లీ తగిలించాను. వరసలో తేడా రాలేదు. ఒక్కొక్కటీ వేలితో తట్టి, మోతను బట్టి తగిలించాను అంతే. బృందం గురువుగారు అది చూశారు. ఆయన్ని అందరూ లావ్‌షీ అనేవారు, చైనా భాషలో గురువుగారు అని. మర్నాటి నుంచి నన్ను స్టోర్‌కి మార్పించారు.

లావ్‌షీ వాయించేది మామూలు కచేరీ సంగీతం కాదు. చైనాలో రాజుల కొలువుల్లో వాద్యబృందాలు మొదట ఎలా ఏర్పడ్డాయో అది చూపించడం ఆయన పని. పాత గంటలకి నకళ్లు పోత పోయించి తెప్పించారు. స్కూళ్లకి తీసుకెళ్లి పిల్లలకి చెప్పేవారు. నేను పక్కన గంటలు తుడుస్తూ ఆ మాటలు వందలసార్లు విన్నాను. మొదట్లో గంటలు పితృదేవతల పూజకి మాత్రమే. తరవాత రాజులు సంగీతానికి ఒక శాఖ పెట్టి, ఎవరి ముందు ఎన్ని మోగాలో నిర్ణయించారు. రాజు కూర్చుంటే చుట్టూ నాలుగు వైపులా గంటల చట్రాలు. ఆయన కింది ప్రభువులకి మూడు వైపులు. కొలువులో అధికారులకి రెండు. అందరికంటే చిన్న హోదావాళ్లకి ఒకటి. కొలువు బృందం పుట్టిందే ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పడానికి, పాట ఆ తరవాత సంగతి అని లావ్‌షీ నవ్వేవారు.

వస్తువులు మోయడంలోనూ నియమాలు ఉన్నాయి. కంచు గంటని ఒట్టి చేత్తో ముట్టకూడదు, చెమట మరక పడుతుంది. నూలు గ్లౌజులు తప్పనిసరి. రాతి పలకలని ఉన్ని గుడ్డలో చుట్టి నిలువుగా పెట్టాలి. పడుకోబెడితే లారీ కుదుపుకి చిట్లుతాయి. పాట మొదలెట్టడానికి ఒక చెక్క పెట్టెని కొడతారు. ముగించడానికి చెక్కతో చేసిన పులి వీపుమీద ఉన్న పళ్లని వెదురు పుల్లతో గీస్తారు. ఆ పులి లేకపోతే పాట ముగిసినట్టు లెక్క కాదు. కాబట్టి లారీలోకి పులి ఎక్కిందా లేదా అన్నది చివరగా చూసుకుంటాం.

ఇవన్నీ నాకు నోటికి వచ్చు. రానిది చదవడం. అంకెలు తెలుసు, బస్సు నంబర్లు తెలుసు. అక్షరాలు ఏ భాషలోనూ తెలియవు. స్టోర్‌లో చేరేటప్పుడు గుమాస్తా ఇంగ్లీషు చదవడం వచ్చా అని అడిగితే తల ఊపాను. ఆ తరవాత ఎవరూ అడగలేదు. సంతకానికి పి, ఎ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు గీయడం నేర్చుకున్నాను, పైడమ్మ అనే పేరుకి. లారీ నింపేటప్పుడు రహీమ్ ఫారం పైకి చదివేవాడు, నేను వస్తువులు అందించేదాన్ని. పదకొండేళ్లు అలా గడిచాయి.

ఆ సోమవారం మేడమ్ ఓంగ్, అంటే మా సూపరింటెండెంట్, నన్ను పిలిచింది. ఒక ఇంటర్నెట్ కంపెనీ సైన్స్ పార్క్‌లో కొత్త ఆఫీసు తెరుస్తోంది, ప్రారంభోత్సవానికి మన బృందాన్ని అడిగారు అంది. ఆ రోజుల్లో అలాంటి కంపెనీలు వారానికొకటి తెరిచేవారు. ఒక సంగతి ఆవిడ తలుపు వేసి చెప్పింది. అటెండెంట్ల పని మొత్తం వచ్చే ఏడాది బయటి కాంట్రాక్టర్‌కి ఇచ్చేస్తున్నారు. సీనియర్ పోస్టు మాత్రం హాలు యాజమాన్యం కిందే ఉంటుంది. రహీమ్ రిటైర్ అవుతున్నాడు. "ఇది సరిగ్గా చెయ్యి పైడీ. నీ పేరు పైకి పంపుతాను. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు." నాకప్పుడు నలభై ఏడు. కాంట్రాక్టర్లు నలభై దాటినవాళ్లని తీసుకోవడం లేదని మా ఇళ్ల బ్లాక్‌లో అందరికీ తెలుసు.

కార్యక్రమం గురువారం. పొద్దున్నే ఫారం తీసుకున్నాను. అచ్చువేసిన వరసలు ఎప్పటిలాగే ఉన్నాయి, ఎదురుగా అంకెలూ ఎప్పటివే. పెద్ద గంటల చట్రం ఒకటి, రాతి పలకల చట్రం ఒకటి, డోళ్లు రెండు, చెక్క పెట్టె, పులి. అడుగున మేడమ్ ఓంగ్ చేతిరాత ఒక వరస ఉంది. అక్కడ చేతిరాత అప్పుడప్పుడు ఉండేది. రహీమ్ చదివినప్పుడల్లా అది జాగ్రత్తగా దించండి అనో, వెనక గేటు నుంచి వెళ్లండి అనో ఉండేది. ఇదీ అలాంటిదే అనుకున్నాను. పి, ఎ అని గీశాను. రెండు చట్రాలతో లారీ బయల్దేరింది.

ఆ ఆఫీసు ముందు హాలు అంతా అద్దాలు. కొత్త కార్పెట్ వాసన, నేలమీద కేబుళ్లు, మూల బెలూన్ల గుట్ట. స్కూళ్లలో పెట్టినట్టే తూర్పున గంటలు, పడమట పలకలు, ఎదురెదురుగా నిలబెట్టించాను. గంటలు తగిలిస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటుంటే వెనకనుంచి ఎవరో పిలిచారు.

"ఆంటీ, మీరు తెలుగా?"

ఒక అమ్మాయి. చంకలో ల్యాప్‌టాప్, మెడలో కంపెనీ కార్డు, ఒక చేతిలో ఊదని బెలూన్ల ప్యాకెట్. పేరు నసీమ్ అంది. ఎనిమిది నెలల కింద హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు. కంపెనీ చిన్నది కాబట్టి పొద్దున ప్రోగ్రాం రాసిన పిల్లే మధ్యాహ్నం బెలూన్లు ఊదాలి.

"ఏ ఊరమ్మా మీది?"

"మలక్‌పేట. ఇంట్ల ఉర్దూ, బడిల తెలుగు. మీరు?"

"నేనిక్కడే పుట్టాను. జురాంగ్ ఈస్ట్‌లో ఉంటన్నాం."

"అబద్ధం చెప్పకున్రి ఆంటీ. మీ మాట వింటే ఇప్పుడే శ్రీకాకుళం బస్సు దిగినట్టుంది."

"ఆ బస్సు ఏ రంగో కూడా నాకు తెల్దు," అన్నాను. నవ్వుకుంటూ వెళ్లింది.

మూడు గంటలకి మళ్లీ వచ్చింది. ఈసారి నవ్వు లేదు.

"ఆంటీ, మిగిలిన రెండు ఎక్కడ పెట్టిన్రు?"

"ఏ రెండు?"

చేతిలో కాగితం నా ముందు పరిచింది. చదరంగా గీసిన బొమ్మ. నాలుగు వైపులా నాలుగు చట్రాలు, మధ్యలో ఒక కుర్చీ. మా స్టోర్ వెనక గదిలో చిన్న గంటల చట్రం, అదనపు పలకల చట్రం ఉండేవి. వాటిని ఎప్పుడో గాని బయటికి తీయం. అవీ కావాలని అడిగారన్నమాట. మీ ఆఫీసుకి బొమ్మ మెయిల్ చేశాను, ఫారంలో కూడా రాశామని చెప్పారు అంది. మా స్టోర్‌కి అప్పటికి కంప్యూటర్ లేదు. నేను జేబులోంచి ఫారం తీశాను. అడుగు వరస మీద వేలు పెట్టి తను ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పింది. "క్లయింట్ పంపిన బొమ్మ ప్రకారం, నాలుగు వైపులా, అన్ని చట్రాలూ." నేను కూడా ఆ వరస చూస్తున్నట్టు నిలబడ్డాను.

లారీ ఇంకో పనికి చాంగీ వైపు వెళ్లిపోయింది. ఒక చట్రం విప్పాలంటే నలుగురు మనుషులు, గంటసేపు. ఇక్కడ బిగించడానికి మరో గంట. అతిథులు అయిదింటికి వస్తారు. లెక్క కుదరదని ఇద్దరికీ తెలిసింది.

"మా ఛైర్మన్ నన్ను కచ్చా నమిలేస్తడు. నా ప్రొబేషన్ ఇంకా అయిపోలే. ఎందుకు తేలేదు ఆంటీ? రాసుంది గదా, చూడలేదా?"

చదవడం రాదు అని చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. "నాలుగు వైపులూ రాజుకే పెట్టాలి. అందుకే తేలేదు," అన్నాను. మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయి.

నసీమ్ నా మొహం చూసింది. "అట్లనా? ఇది మీ రూలా?"

"లావ్‌షీ చెప్తారు. ఎన్నో ఏళ్లనాటి పద్ధతి."

అంతలో ఛైర్మన్ వచ్చాడు. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్టుతో మొదలై కంపెనీ పెట్టిన సింగపూర్ చైనీయుడు, యాభై ఏళ్లవాడు. రెండు చట్రాలు చూసి ఆగిపోయాడు. నేను అడిగింది చక్రవర్తి స్టైల్ కదా, సగమే ఉందేం అన్నాడు. నసీమ్ ఇంగ్లీషులో మొదలుపెట్టింది, నేను నా బజారు ఇంగ్లీషులో పూర్తిచేశాను. నాలుగు రాజుకి, మూడు ప్రభువులకి, రెండు అధికారులకి, మీకు రెండు పెట్టాం అని. అధికారి నాలుగు పెట్టుకుంటే ఏమవుతుంది అని ఆయన అడిగాడు. లావ్‌షీ పిల్లలకి చెప్పే మాటే చెప్పాను. అలా తన హోదా దాటి పెట్టుకున్న ఇళ్లు నిలవలేదని.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే అలాంటి కంపెనీల షేర్లు పడటం మొదలైంది. ఆయన ఆఫీసు గుమ్మం దిక్కు, ప్రారంభోత్సవం తేదీ కూడా దిక్కులు చూసేవాళ్లని అడిగి పెట్టించాడని నసీమ్ తరవాత చెప్పింది. కాసేపు గంటల వైపు చూసి, నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "రెండు కూడా ఎక్కువ కాదు కదా ఆంటీ? ఒకటి తీసెయ్యాలా?"

"రెండు చాలు సార్," అన్నాను.

నాలుగింటికి లావ్‌షీ వాయించేవాళ్లతో వచ్చారు. రెండు చట్రాలు చూశారు. నన్ను చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. పెట్టె మీద కొట్టారు, పాట నడిచింది, పులి వీపు గీశారు, ముగిసింది. తన ఉపన్యాసంలో ఛైర్మన్, హాలు నుంచి వచ్చిన నిపుణురాలు తనని ఒక పెద్ద పొరపాటు నుంచి తప్పించిందని నా వైపు చెయ్యి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నసీమ్ అందరికంటే గట్టిగా కొట్టింది.

లారీ దగ్గర లావ్‌షీ నా పక్కకి వచ్చారు. మేమిద్దరం మలయ్, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవాళ్లం. నాలుగు వైపులు పెట్టడానికి తను ఒప్పుకున్నానని, అందుకు వారం నుంచి తనకే సిగ్గుగా ఉందని అన్నారు. "నేను కాదనవలసింది. నువ్వు కాదన్నావు."

నేను పులిని గుడ్డలో చుడుతున్నాను. చుట్టడం అయ్యాక కూడా మళ్లీ చుట్టాను.

పది రోజుల్లో కంపెనీ నుంచి హాలుకి పొగుడుతూ ఉత్తరం వచ్చింది. మేడమ్ ఓంగ్ దాన్ని నాకు చదివి వినిపించి, నా పేరు సీనియర్ పోస్టుకి పంపుతున్నానని చెప్పింది. ఇంకో వారానికి లావ్‌షీ స్టోర్‌కి వచ్చి ఒక కాగితం ఇచ్చారు. వచ్చే నెల స్కూలు కార్యక్రమంలో గంటల వరసల సంగతి నువ్వే చెప్పు, ఇందులో రాశాను, ఒకసారి చదివి వినిపించు అన్నారు. ఆయన ఒక సామాను పెట్టె మీద కూర్చుని పలకల పట్టు తాళ్లు మారుస్తున్నారు. నేను కాగితం పట్టుకుని నిలబడ్డాను. ఆ మాటలన్నీ నాకు నోటికి వచ్చు. కాగితం చూస్తున్నట్టు అప్పజెబితే సరిపోయేది. అలా చెయ్యడానికి నోరు తెరిచాను కూడా. కాని ఆయన చెయ్యి ఆపి, తల ఎత్తి, వినడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ గౌరవం ఏ పనికి ఇస్తున్నారో ఆ పని నేను చెయ్యలేదు.

"నాకు చదవడం రాదు లావ్‌షీ. ఆ రోజు ఫారంలో ఏం రాశారో నాకు తెలియదు. నాలుగు అడిగారని ఆ అమ్మాయి చెప్పేదాకా తెలియదు. తెలిస్తే నాలుగూ తెచ్చేదాన్ని."

ఆయన చేతిలోని తాడు ముడి పూర్తిచేశారు. ఇంకో పలక తీసుకున్నారు. దానికీ ముడి వేశారు. తరవాత మాట్లాడారు.

మొదటి కొలువు బృందాల్లో వాయించేవాళ్లు చాలామంది చూపు లేనివాళ్లని చెప్పారు. చెవినీ, జ్ఞాపకాన్నీ నమ్మి రాజులు వాళ్లని పెట్టుకున్నారు. ఒక్కొక్కరికీ చూపున్న మనిషిని తోడు ఇచ్చారు. ఇక్కడ మెట్టు ఉంది, ఇక్కడ చాప ఉంది అని చెప్పడం ఆ మనిషి ఉద్యోగం. దానికీ ఒక హోదా ఉండేది. అందులో ఎవరికీ సిగ్గు లేదు. "కాని చూపు ఉందని చెప్పి ఒంటరిగా నడిచినవాడి గురించి పాత రాతల్లో ఎక్కడా లేదు," అన్నారు.

"ఎందుకని?"

"గంటల మీద పడి పోయి ఉంటాడు."

"నేను పడలేదు కదా."

"నువ్వు గంటలన్నీ తేలేదు కదా," అన్నారు.

ఆయన కోపంగా ఉన్నారో లేదో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. మేడమ్ ఓంగ్‌కి నువ్వు చెబుతావా, నేను చెప్పనా అని మాత్రం అడిగారు. నేనే చెబుతానన్నాను. ఆ కాగితం నా దగ్గర తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లారు. స్కూల్లో ఎప్పటిలాగే ఆయనే మాట్లాడారు.

మేడమ్ ఓంగ్ నేను చెప్పింది మొత్తం విని, పదకొండేళ్లా అని ఒకసారి అడిగింది. సీనియర్ పోస్టుకి పంపిన సిఫారసు వెనక్కి తీసుకుంది. ఫారం మీద సంతకం చేసే అధికారం తీసేసి, ఫైల్‌లో ఆ సంగతి రాసింది. ఉద్యోగం నుంచి తీసెయ్యలేదు. కాని అటెండెంట్ల పని కాంట్రాక్టర్‌కి వెళ్లినప్పుడు నేనూ వాళ్ల కిందికి వెళ్లాను. మా బరువులు, మోతలు తెలిసినవాళ్లు వేరే లేరని లావ్‌షీ చెప్పబట్టి కాంట్రాక్టర్ నా వయసు పక్కన పెట్టాడు. జీతం తగ్గింది. మూడేళ్లపాటు నా కార్డు మీద హాలు పేరు బదులు శుభ్రం చేసే కంపెనీ పేరు ఉండేది.

నసీమ్‌కి ఆ వారమే ఫోన్ చేసి చెప్పాను. మొదట నవ్వింది. తరవాత కోపం వచ్చింది. "నేను మా సార్ ముంగట మీ మాట పట్టుకుని కొట్లాడిన ఆంటీ! రూల్, రూల్ అని. అది రూలే కాదా?"

"రూలే. నాకు గుర్తొచ్చింది తరవాత."

చివరికి, ఆదివారం తన ఇంటికి రమ్మంది, చదవడం, రాయడం ముందు ఏ భాషలో నేర్చుకుంటారని అడిగింది. ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, కాని నేను లెక్కపెట్టేది తెలుగులో కాబట్టి ముందు తెలుగు అన్నాను. "నా తెలుగు నేర్చుకుంటే మీరు సగం మలక్‌పేట, సగం శ్రీకాకుళం అయిపోతరు, తరవాత నన్ననొద్దు," అంది. ఏడాదికి పైగా ఆదివారాలు నేర్పింది. ఆమె కంపెనీ మరుసటి ఏడాది మూతపడింది. గంటలు రెండు వైపులే పెట్టినా మూతపడింది. ఆమె హైదరాబాద్ వెళ్లిపోయేనాటికి నేను తెలుగు తప్పులతో రాయగలిగేదాన్ని, ఇంగ్లీషు ఫారం నెమ్మదిగా చదవగలిగేదాన్ని. మిగతా ఇంగ్లీషు కమ్యూనిటీ సెంటర్ క్లాసులో నేర్చుకున్నాను.

రహీమ్ తరవాత వచ్చిన సీనియర్ మూడో ఏడాది మానేశాడు. ఆ పోస్టుకి నేను అర్జీ పెట్టుకున్నాను. పరీక్షగా మేడమ్ ఓంగ్ ఒక ఫారం ఇచ్చి, అడుగున తన చేతిరాత చదవమంది. చదివాను. మళ్లీ హాలు ఉద్యోగిని అయ్యాను. రిటైర్ అయ్యేవరకు పది సంవత్సరాలు ఆ పోస్టులో పనిచేశాను.

నేను సీనియర్ అయ్యాక స్టోర్‌లో ఒక పద్ధతి పెట్టాను. లారీ నింపేముందు ఒకరు ఫారం మొత్తం, చేతిరాతతో సహా, పైకి చదవాలి. ఇంకొకరు ఆ మాట తిరిగి చెప్పి, వస్తువుని చేత్తో తాకాలి. తరవాతే సంతకం. డిప్లొమాలు ఉన్న కుర్రవాళ్లు దీన్ని చిన్నపిల్లల ఆటలా ఉందన్నారు. చదువు వచ్చినవాళ్లు కూడా అడుగు వరస చదవరని ఆ పద్ధతి పెట్టిన మొదటి నెలలోనే తెలిసింది. ఎవరికి ఏది రాదో ముందే చెప్పమని కొత్తగా చేరినవాళ్లని అడిగేదాన్ని. బరువు ఎత్తలేనని, చైనా అక్షరాలు తెలియవని, ఒక చెవి సరిగ్గా వినపడదని చెప్పేవాళ్లు. దాన్ని బట్టి జతలు వేసేదాన్ని. చెప్పినందుకు ఎవరి మీదా ఫైల్‌లో రాయలేదు.

సైన్స్ పార్క్ కార్యక్రమాన్ని హాలువాళ్లు ఇప్పటికీ బాగా జరిగినవాటిలో ఒకటిగా చెప్పుకుంటారు. అతిథులు సంతోషించారు, వాద్యాలు దెబ్బతినలేదు, పద్ధతి కూడా తప్పలేదు. కాని అందులో నేను చేసిన పని తప్పు. ఫలితం సరిగ్గా వచ్చిందని ఆ తప్పుని ఎవరూ వెతకలేదు. పాడైన పనిలో తప్పు తొందరగా బయటపడుతుంది. కుదిరిన పనిలో ఉన్న తప్పుని చేసినవాళ్లే చెప్పాలి.